డీజిల్ లెక్క ఎవరి చేతిలో ఉంది? ఆయిల్ ఇంజన్ నుంచి టర్బో కారు దాకా



ఈ మధ్య మన పాలకొల్లు చుట్టుపక్కల ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒక మాట వినబడుతోంది. కంప్యూటర్ ఉన్న బండి కొనొద్దు, పాడైతే బాగుచేసేవాడు దొరకడు, పాత పంపు బండే మేలు అని. కారైనా, కోత మిషనైనా, రొయ్యల చెరువు గట్టు మీద జనరేటరైనా ఇదే మాట. ఇందులో నిజం ఎంత, భయం ఎంత అనేది విడదీసి చూద్దామని ఈ పోస్టు రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇంజన్‌కి డీజిల్ ఎంత పోయాలో లెక్క కట్టే పని కంప్యూటర్‌తో మొదలవలేదు. మన తాతల నాటి ఆయిల్ ఇంజన్‌లో కూడా ఆ లెక్క కట్టే గుమాస్తా ఒకడు ఉన్నాడు. వాడు ఇనుముతో చేసినవాడు, కంటికి కనబడేవాడు, పానా పెట్టి తిప్పితే మాట వినేవాడు. ఇప్పుడు అదే ఉద్యోగంలో కనబడని గుమాస్తా కూర్చున్నాడు. మనకి వచ్చిన చిక్కంతా ఆ కనబడకపోవడంలోనే ఉంది.

ఇనప గుండ్ల కాలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన డెల్టాకి కాలవ నీళ్లు వచ్చాయి. అయినా శివారు చేలకీ మెరక చేలకీ నీళ్లు ఎక్కించాలంటే గూడ వేయాలి, లేదా ఏతాం తొక్కాలి. ఆ చాకిరీ తప్పించింది ఆయిల్ ఇంజన్. పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో మొదలైంది. రాజ్‌కోట్ వైపు నుంచి ఫీల్డ్ మార్షల్ లాంటి ఇంజన్లు వచ్చాయి. ఇంగ్లండు లిస్టర్ నమూనాలో చేసిన ఇంజన్లు నిమిషానికి 650 చుట్లు తిరిగేవి. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసిన వాళ్లకి ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంటుంది.

ఆ ఇంజన్‌లో గవర్నర్ అని ఉంటుంది. రెండు ఇనప గుండ్లు, ఒక స్ప్రింగు, అంతే. పంపు నీళ్లు అందుకుని లోడు పడగానే ఇంజన్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే గుండ్లు లోపలికి ముడుచుకుంటాయి, స్ప్రింగు డీజిల్ పెంచే వైపు లాగుతుంది. ఫుట్‌వాల్వ్ గాలి తీసుకుని నీళ్లు తెగిపోతే లోడు పోతుంది, ఇంజన్ ఎగబడుతుంది. అప్పుడు గుండ్లు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. జేమ్స్ వాట్ ఆవిరి ఇంజన్‌కి 1788లో పెట్టిన ఏర్పాటు ఇదే. మనిషి దగ్గర లేకుండా ఇంజన్ తన లెక్క తను చూసుకోవడం అప్పుడే మొదలైంది.

రెండో గుమాస్తా డీజిల్ పంపు. రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ 1897లో పనిచేసి చూపించింది గానీ, అందులోకి డీజిల్ ఊదడానికి పెద్ద గాలి కంప్రెషర్ కావాల్సి వచ్చేది. అది లారీలో పట్టేది కాదు. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో పని మొదలుపెట్టి, 1927లో చిన్న పంపు తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. అదే కంపెనీ 1951లో బెంగుళూరులో మైకో పెట్టింది. మన మెకానిక్కులు ఈ రోజుకీ మైకో పంపు, మైకో నాజిల్ అంటారంటే కారణం అదే. పంపులో ఎలిమెంట్ మీద ఏటవాలుగా ఒక గాడి ఉంటుంది. ఎలిమెంట్ ఎంత తిరిగితే అంత డీజిల్ పోతుంది. కాలిబ్రేషన్ షాపులో బల్ల మీద పెట్టి, గాజు గొట్టాల్లోకి డీజిల్ పట్టి అన్ని సిలిండర్లకీ సమానంగా సరిచేసేది దీన్నే.

ఈ ఇద్దరూ మంచి గుమాస్తాలే. కానీ వాళ్లకి ఒక సంగతి తెలీదు. ఇంజన్‌లోకి గాలి ఎంత వచ్చిందో తెలీదు. టర్బో లేని ఇంజన్‌కి అది తెలియక్కర్లేదు కూడా, ఎందుకంటే ప్రతి పీల్పుకీ దాదాపు ఒకే గాలి వస్తుంది. ఇంతకు మించి డీజిల్ పోకూడదని ఒక స్క్రూ బిగించి సీలు వేస్తే సరిపోయేది.

వడ్లగింజ లెక్క

గాలి సంగతి ఎందుకు అంత ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. మన మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయి. అంటే ఒక్క వడ్లగింజ 20 మిల్లీగ్రాములు.

1500 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ తీసుకోండి. ఒక సిలిండర్ ఒకసారి పీల్చే గాలి బరువు 400 మిల్లీగ్రాముల లోపు. పొగ రాకుండా శుభ్రంగా కాలాలంటే ఒక వంతు డీజిల్‌కి సుమారు 18 నుంచి 20 వంతుల గాలి కావాలి. అంటే పూర్తి లోడు మీద కూడా ఒక్కో పేలుడుకి పోయగలిగిన డీజిల్ ఒక స్వర్ణ గింజంత బరువు. ఇంజన్ 2000 చుట్ల మీద ఉంటే నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి 4000 సార్లు ఇలా గింజ గింజ కొలిచి పోయాలి. గింజన్నర పోశారనుకోండి, ఆ అర గింజకి గాలి లేదు. అది నల్ల పొగై పోతుంది. బండి పొగ కక్కుతుంటే పుల్లింగ్ బాగుందని కొందరు సంబరపడతారు. మన డబ్బే కాలకుండా పైకి పోతోందని అర్థం.

టర్బో వచ్చి లెక్క మార్చింది

సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి గాలి కూరడమే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ దీనికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. ముందు ఓడలకి, తర్వాత లారీలకి, అమెరికాలో 1962లో కార్లకి వచ్చింది. డీజిల్ కారులో మొదటిసారి 1978లో మెర్సిడెస్ పెట్టింది.

టర్బో బాగా తిరిగినప్పుడు ఇంజన్‌లోకి వెళ్లే గాలి దాదాపు రెట్టింపు అవుతుంది. అప్పుడు ఒక గింజ బదులు రెండు గింజల డీజిల్ పోయొచ్చు. 1500 సీసీ ఇంజన్ 3000 సీసీ పని చేస్తుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. టర్బో యాక్సిలరేటర్ తొక్కగానే తిరగదు. పొగ బలంగా వస్తేనే తిరుగుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లు గాలి ఒక గింజకి సరిపడా ఉంటుంది, తొక్కిన కాలు రెండు గింజలు అడుగుతుంది. పాత గుమాస్తా కాలు మాటే విని పోసేస్తాడు, నల్ల పొగ వస్తుంది.

అందుకని డీజిల్ పంపుకి మూడో గుమాస్తాని పెట్టారు. 1990ల్లో టర్బో లారీలు నడిపిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పంపు మీద గుండ్రని డబ్బా, దానికి ఇన్‌టేక్ నుంచి సన్నటి గొట్టం. లోపల రబ్బరు పొర, స్ప్రింగు. టర్బో గాలి ఒత్తిడి పెరిగితే పొర కిందకి దిగి, ఇప్పుడు ఎక్కువ డీజిల్ పోయొచ్చని దారి ఇస్తుంది. గాలి లేకపోతే దారి మూస్తుంది. ఆ సన్న గొట్టం చిరిగితే బండి పొగ రాదు గానీ పుల్లింగ్ చచ్చిపోతుంది. ముందు గాలి చూసి, తర్వాత డీజిల్ పోసే పద్ధతి రబ్బరు పొరతో అలా వచ్చింది. అందులో కంప్యూటర్ ఏమీ లేదు.

పెట్రోలు కారు కథ ఇంకా నాజూకు. డీజిల్‌లో ఎక్కువ పోస్తే పొగ, వేడి. పెట్రోలు టర్బోలో తక్కువ పోసినా ప్రమాదమే, మిశ్రమం వేడెక్కి తనంతట తానే పేలి పిస్టన్‌కి చిల్లు పడుతుంది. 1962 నాటి అమెరికా కారు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో దీన్ని ఆపడానికి నీళ్లూ ఆల్కహాలూ కలిపిన ద్రవం వేరే ట్యాంకులోంచి చిమ్మేవారు. కొన్నవాళ్లు ఆ ట్యాంకు నింపడం మర్చిపోయేవారు, బళ్లు గొడవ పెట్టేవి. రెండేళ్లకే ఆ కారు ఆపేశారు. టర్బో ఉన్న బండికి మనిషి జ్ఞాపకం మీద ఆధారపడని లెక్క కావాలని అప్పుడు తెలిసొచ్చింది.

కంప్యూటర్ ఏం చేస్తుంది

అమెరికాలో పొగ చట్టాలు బిగుసుకున్నాక 1967లో ఫోక్స్‌వ్యాగన్ కారుకి బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. దానికి టర్బో లేదు, కానీ అది కొలిచింది ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడినే. మన లారీ పంపు మీద రబ్బరు పొర కొలిచేదీ అదే. 1976లో వోల్వో కారుకి పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. పెట్రోలు ఒక కేజీకి 14.7 కేజీల గాలి సరిగ్గా కలిసిందా లేదా అని పొగ చూసి చెప్పేస్తుంది. 1979లో బీఎండబ్ల్యూ కారులో పెట్రోలు లెక్క, స్పార్క్ లెక్క ఒకే కంప్యూటర్ చేతికి వెళ్లాయి. 1980ల మొదట్లో సాబ్ కారు ఇంజన్‌లో టకటక చప్పుడు వినే సెన్సర్ పెట్టి, చప్పుడు రాగానే టర్బో గాలి తగ్గించింది.

డీజిల్‌కి ఆ రోజు కామన్ రైల్‌తో వచ్చింది. జపాన్‌లో డెన్సో కంపెనీ 1995లో హినో లారీకి పెట్టింది. ఇటలీ ఫియట్ వాళ్లు కార్ల కోసం చేసిన పనిని బాష్ తీసుకుని తయారీకి తెచ్చింది, 1997లో ఆల్ఫా రోమియో 156 కారులో వచ్చింది. మన దేశంలో 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ, 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్. ఆ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ 1300 సీసీ టర్బో ఇంజనే. మన గోదావరి జిల్లాల్లో సొంత బండిగానూ టాక్సీగానూ ఆ కారు ఎంత తిరిగిందో మీకే తెలుసు.

పాత ఆయిల్ ఇంజన్ నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది. కామన్ రైల్‌లో పంపు పని ఒత్తిడి నిలబెట్టడం వరకే. ఒక గొట్టంలో 1600 బార్, కొన్నిటిలో 2000 బార్ దాకా డీజిల్ సిద్ధంగా ఉంటుంది. ఎప్పుడు, ఎంతసేపు వదలాలో ఈసీయూ అనే కంప్యూటర్ చెబుతుంది, కరెంటుతో ఇంజెక్టర్ తెరుచుకుంటుంది.

పాలకొల్లు నుంచి భీమవరం వెళ్తూ ధాన్యం ట్రాక్టర్ని దాటడానికి మీరు యాక్సిలరేటర్ తొక్కారనుకోండి. మీ కాలికీ డీజిల్‌కీ మధ్య ఇప్పుడు తీగ లేదు. మీ కాలు ఒక అర్జీ పెడుతుంది, నాకు ఇంత బలం కావాలి అని. ఈసీయూ ముందు ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోందో, పిస్టన్ ఎక్కడుందో చూస్తుంది. దానికోసం ఫ్లైవీల్ వైపు పళ్ల చక్రం, ఒక సెన్సర్ ఉంటాయి. తర్వాత టర్బో గాలి ఒత్తిడి, గాలి బరువు, గాలి వేడి, నీళ్ల వేడి. ఈ గాలికి పొగ రాకుండా గింజ డీజిలే పడుతుంది అని తేలితే, మీరు రెండు గింజలు అడిగినా గింజే ఇస్తుంది. టర్బో అందుకునే కొద్దీ గింజుంబావు, గింజన్నర, రెండు అని పెంచుకుంటూ పోతుంది. ప్రతి సిలిండర్‌కీ ప్రతి పేలుడుకీ ఈ లెక్క మళ్లీ కడుతుంది. అంతా ఒకేసారి పోయదు. ముందు చిటికెడు పోసి మంట రాజేసి, తర్వాత అసలుది పోస్తుంది. కొత్త డీజిల్ కార్లు పాతవాటిలా టకటకమని కొట్టుకోకపోవడానికి కారణం అదే.

గుండ్లు చూసింది వేగం, రబ్బరు పొర చూసింది గాలి, స్క్రూ పెట్టింది హద్దు. ఈ ముగ్గురి ఉద్యోగాలూ ఈసీయూ ఒక్కటే చేస్తోంది, ఇంకా పదింతల నాజూగ్గా.

మన గడప దాకా ఎలా వచ్చింది

కంపెనీలు సరదాకి మార్చలేదు, చట్టం మార్పించింది. హైదరాబాద్ లాంటి నగరాలకి 2005లో బీఎస్ 3, 2010లో బీఎస్ 4 వచ్చాయి. మన ఊళ్లకి బీఎస్ 4 వచ్చేసరికి 2017. దేశమంతా బీఎస్ 6 అయింది 2020 ఏప్రిల్‌లో. డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 350 నుంచి 50కి, అక్కణ్ణించి 10కి దిగింది.

ఈ బళ్లు ఇప్పుడు మన రాష్ట్రంలోనే తయారవుతున్నాయి. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016లో మొదలైంది, అక్కడి డీ మ్యాక్స్ పికప్ టర్బో డీజిల్. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ వచ్చింది, అందులో టర్బో పెట్రోలూ ఉంది, టర్బో డీజిలూ ఉంది.

పొలం బళ్ల విషయానికొస్తే, 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావాటికి కామన్ రైల్, ఈసీయూ వచ్చేశాయి. 50 లోపు ట్రాక్టర్లు చాలావరకు ఇంకా పాత పంపు మీదే ఉన్నాయి. జనరేటర్లకి కూడా 2023 నుంచి నిబంధనలు బిగిశాయి. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకూడని చెరువు రైతుకి ఇది చిన్న విషయం కాదు.

మనకి ఏం పోయింది

డీజిల్ ఆదా అయింది, పొగ తగ్గింది, పుల్లింగ్ పెరిగింది. ఇవన్నీ నిజం. పోయింది ఒకటుంది. పాత గుమాస్తా పుస్తకం ఎవరైనా తెరిచి చదవొచ్చు. మన ఊరి మేస్త్రీ గుండ్లు చూసి, స్ప్రింగు లాగి చూసి జబ్బు చెప్పేవాడు. ఈసీయూ పుస్తకానికి తాళం ఉంది, తాళంచెవి కంపెనీ దగ్గర ఉంది.

ఆ పుస్తకంలో రాసినదే కంప్యూటర్ చేస్తుంది, దానికి సొంత న్యాయం లేదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం బయటపడింది కదా. పొగ పరీక్ష జరుగుతోందని ఈసీయూ పసిగట్టి అప్పుడు మాత్రం శుభ్రంగా నడిచి, రోడ్డెక్కాక వేరేగా నడిచేలా రాశారు. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల బళ్లు. మన దేశంలోనే 3 లక్షలకు పైగా వెనక్కి పిలవాల్సి వచ్చింది. గుండ్లకి అబద్ధం నేర్పడం కుదరదు, కంప్యూటర్‌కి కుదురుతుంది. అందుకే ఆ పుస్తకం చదివే హక్కు గురించి మాట్లాడాలి.

అమెరికాలో రైతులు ఈ విషయం మీదే కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, వ్యవసాయ యంత్రాల రిపేరుకి కావాల్సిన పనిముట్లు, సాఫ్ట్‌వేర్, సమాచారం కంపెనీలు రైతులకీ బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. అందులో వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. చట్టం మాత్రం ఇంకా మన చేతిలో లేదు. సార్వా కోతల్లో వర్షం ముంచుకొస్తుంటే మిషను చేలో ఆగి, ల్యాప్‌టాప్ పట్టుకుని మనిషి వచ్చేదాకా రెండు రోజులు కూర్చోవడం అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అందాకా మన జాగ్రత్తలు

ఒకటి. డీజిల్ శుభ్రం. గట్టు మీద డ్రమ్ముల్లో నిలవ ఉన్న డీజిల్‌లో నీళ్లు దిగుతాయి. పాత నాజిల్ సహించింది, కామన్ రైల్ ఇంజెక్టర్ సహించదు. నీళ్లు వేరుచేసే ఫిల్టరు అడుగు మర వదులు చేసి తరచూ వంపండి.

రెండు. ఇది ప్రాణానికి సంబంధించింది. గాలి తీయడానికి పాత ఇంజన్‌లో నాజిల్ పైపు వదులు చేసేవాళ్లం. కామన్ రైల్ బండిలో ఇంజన్ తిరుగుతుండగా ఆ పైపు ముట్టుకోవద్దు, లీకు ఉందేమోనని చెయ్యి పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మూడు. పుల్లింగ్ తగ్గితే కంప్యూటర్ పోయిందని బెంగపడకండి. ముందు గాలి ఫిల్టరు, టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టాలు, క్లిప్పులు చూడండి. గాలి తక్కువ కనబడితే డీజిల్ తగ్గించడం దాని ధర్మం. ఎలకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి.

నాలుగు. బండి మీద వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ తీగలు, ఈసీయూ ప్లగ్గు తీసేయండి. సెన్సర్ ప్లగ్గుల మీద ప్రెషర్ వాటర్ కొట్టొద్దు. ఉప్పునీటి చెరువుల దగ్గర ప్లగ్గులకి చిలుము త్వరగా పడుతుంది.

ఐదు. పుల్లింగ్ పెంచుతామని అమ్మే పెట్టెలు పెట్టించొద్దు. వాటిలో చాలావరకు చేసేది ఏంటంటే, రైల్‌లో ఒత్తిడి తక్కువ ఉందని ఈసీయూకి అబద్ధం చెప్పడం. అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పోతుంది, టర్బోకీ పిస్టన్‌కీ వేడి ఎక్కువవుతుంది. వెనకటికి సీలు తెంపి స్క్రూ తిప్పడం లాంటిదే ఇది.

ఆరు. లోడు మీద నడిచిన టర్బో ఇంజన్‌ని ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి, టర్బో చల్లబడుతుంది.

ఏడు. కొనేటప్పుడే అడగండి. స్కానర్ ఎక్కడుంది, మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు, కోతల రోజుల్లో వస్తాడా, తప్పు కోడ్ రైతుకి చెబుతారా అని. కారుకి పనికొచ్చే స్కానర్ ట్రాక్టరుకీ మిషనుకీ పనికి రాకపోవచ్చు. జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి.

కంప్యూటర్ బండి కొనాలా వద్దా అంటే, 50 హెచ్‌పీ పైన ఇక కొత్తదాంట్లో మనకి ఎంపిక పెద్దగా లేదు. కాబట్టి పోరాడాల్సింది బండితో కాదు, తాళంచెవి కోసం. మన మండలంలో పది మంది రైతులు కలిసి ఒక మంచి స్కానర్ కొని, ఐటీఐ చదివిన ఇద్దరు కుర్రాళ్లకి శిక్షణ ఇప్పిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. పూర్వం కాలిబ్రేషన్ బల్ల కూడా ప్రతి ఊళ్లో ఉండేది కాదు, టౌనులో ఒకటో రెండో ఉండి అందరి పంపులూ చూసేవి.

మీ ఊళ్లో కామన్ రైల్ బండి చూడగలిగే మెకానిక్ ఉన్నారా, ఏ మిషనుకి ఎన్ని రోజులు ఆగాల్సి వచ్చింది, కింద రాయండి. నలుగురి అనుభవాలూ ఒకచోట చేరితే డీలర్ల దగ్గర కూర్చుని అడగడానికి మనకి ఆధారం ఉంటుంది. ఉంటానండి.